స్త్రీల క్యాన్సరు వ్యాధులు – ప్రయోగశాల పరీక్షల చరిత్ర

పెద్దాసుపత్రినుండి వచ్చే రక్తపరీక్ష చీటీలో "సి.ఎ. 125" అని ఒక వరుస ఉంటుంది. దాని ప్రక్కన ఒక అంకె, ఆ అంకె ప్రక్కన "35 లోపు" అని చిన్న అక్షరములలో ఒక హద్దు. ఈ చీటీ మన సంఘములలోని అనేక గృహములకు వచ్చియున్నది. అంకె 35 దాటినదంటే ఇంటిల్లిపాదికి అన్నము సహించదు. దాటలేదంటే ఇక భయము లేదని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఈ రెండును తొందరపాటే. ఆ అంకె ఎక్కడినుండి వచ్చినది, 35 అనే హద్దును ఎవరు పెట్టారు, అది ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు అనే సంగతి తెలియవలెనంటే సుమారు నూరు సంవత్సరములు వెనుకకు పోవలెను. భవనముల చరిత్ర, బిషప్పుల చరిత్ర, పాఠశాలల చరిత్ర వ్రాయగల పెద్దలు ఈ సంచికలో చాలామంది ఉన్నారు. కనుక మేము ఈ చిన్న చరిత్రను ఎన్నుకొన్నాము.

మన పూర్వులు క్యాన్సరును రాచపుండు అనేవారు. పుండు అంటే కంటికి కనిపించేది. రొమ్ములోనో, నాలుకమీదనో, చెంపలోనో వచ్చినది కనిపిస్తుంది. గర్భసంచిలోను, అండాశయములోను వచ్చినదానిని చూచేదెవరు? పైగా అది నోటితో చెప్పుకొనుటకు మన స్త్రీలకు సిగ్గు. కడుపు ఉబ్బరమని వాము నమిలేవారు, తెల్లబట్ట అని నాటువైద్యము చేయించుకొనేవారు, ముట్లుడిగిన తరువాత మళ్ళీ రక్తము కనిపిస్తే వయస్సు మళ్ళినందున అని సరిపెట్టుకొనేవారు. లోపల పెరుగుతున్న కణితి ఏదైనా ఒక పదార్థమును రక్తములోకి, మూత్రములోకి విడిచిపెడితే, దానిని బయట ప్రయోగశాలలో పట్టుకొనవచ్చును గదా అనే ఆలోచన అందుచేత స్త్రీల విషయములో ఎంతో విలువైనది. ఇట్టి పదార్థములను వైద్యులు ట్యూమర్ మార్కర్లు అంటారు. కణితి జాడలు అని మనము అనుకొనవచ్చును.

ఈ కథ క్యాన్సరుతో కాక, గర్భముతో మొదలగుట విశేషము. 1928లో బెర్లిన్ నగరములో సెల్మార్ అష్‌హైమ్, బెర్న్‌హార్డ్ జోండెక్ అనే ఇద్దరు వైద్యులు గర్భిణీ స్త్రీ మూత్రమును ఇంకా ఈడేరని ఆడ చుంచెలుకలకు సూదితో ఎక్కించి, సుమారు 100 గంటల తరువాత వాటిని కోసి అండాశయములు చూచేవారు. గర్భిణీ మూత్రమైతే ఆ చిన్న అండాశయములు ఉబ్బి, వాటిమీద రక్తపు చుక్కలు కనిపించేవి. గర్భమును నమ్మదగినట్లుగా నిర్ధారణ చేసిన మొదటి ప్రయోగశాల పరీక్ష ఇదే. ఒక్క స్త్రీకి జవాబు చెప్పుటకు కొన్ని ఎలుకలు చచ్చేవి, అయిదు రోజులు పట్టేది. ఇప్పుడు మందుల దుకాణములో దొరికే పట్టీ మీద అయిదు నిమిషములలో రెండు గీతలు చూచుకొనే ఆడపిల్లలకు ఈ సంగతి వింతగా ఉండవచ్చును.

అయితే కొందరి విషయములో ఒక వింత కనిపించినది. కడుపులో బిడ్డ లేదు. మాయ మాత్రము ద్రాక్షగుత్తివలె నీటి బుడగలుగా పెరిగినది. మన పల్లెలలో ముత్యాల గర్భము అని పిలిచేది దీనినే. ఈ స్త్రీల మూత్రమును ఎన్నో రెట్లు నీటితో పలుచన చేసినా ఎలుకలు జవాబు చెప్పేవి. ముత్యాల గర్భమును తీసివేసిన తరువాత కూడా పరీక్షలో ఆ జాడ పోకపోతే, లేక పోయి మళ్ళీ వస్తే, కొరియోకార్సినోమా అనే మాయ క్యాన్సరు మొదలైనదని అనుమానింపవలసి వచ్చేది. అనగా వైద్యుని చేతికి, కంటికి అందని కణితిని మూత్రపు సీసా ముందుగా పట్టి ఇచ్చినది. స్త్రీల క్యాన్సరులో జాడ పరీక్షకు ఇదే ఆరంభము. ఆ ఇద్దరు వైద్యులును యూదులు. హిట్లరు అధికారమునకు వచ్చిన తరువాత జోండెక్ 1933లో ఉద్యోగము పోగొట్టుకొని స్వీడను మీదుగా యెరూషలేము చేరి అక్కడ పని కొనసాగించారు. అష్‌హైమ్ పారిస్‌కు వెళ్ళిపోయారు.

ఈ పదార్థము తలలోని పిట్యుటరీ గ్రంథినుండి వస్తుందని మొదట వారు తలంచారు. అది మాయలోనే పుడుతుందని 1938లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో మాయ కణములను గాజు గొట్టములలో పెంచి చూపించారు. ఆ పనిలో యువ వైద్యురాలు జార్జియానా సీగర్‌తో పాటు జార్జి గై అనే కణ శాస్త్రజ్ఞుడున్నాడు. అదే గై 1951లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునుండి తీసిన కణములను పెంచాడు. ఆమెను అడగలేదు, ఆమెకు చెప్పలేదు. ఆ సంవత్సరమే ఆమె చనిపోయినది. ఆ కణములు నేటికిని ప్రపంచములోని ప్రయోగశాలలలో పెరుగుచున్నవి. ఈ కథలో ఆమె మరల వస్తుంది.

మాయ హార్మోను పేరు హెచ్.సి.జి. అని స్థిరపడినది. జాడ దొరికినదిగాని మందు లేదు. ఊపిరితిత్తులకు ప్రాకిన కొరియోకార్సినోమా వచ్చిన స్త్రీ సాధారణముగా ఏడాది తిరగకముందే పోయేది. పోయేవారందరును పిల్లలు కనే వయస్సువారే. ఇక్కడ మన తెలుగువారి పేరు ఒకటి చెప్పవలసియున్నది.

1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యము చదివి 1923లో అమెరికా వెళ్ళారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తములోని ఫాస్ఫరసును కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ప్రయోగశాల బల్ల దగ్గర పనిచేసిన మాబోటివారు సుబ్బారావు గారిని మొదట ఎరిగినది ఆ పద్ధతి పేరులోనే. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఫోలిక్ ఆమ్లము కథకు మన దేశముతో మరొక బంధమున్నది. బొంబాయిలో రక్తహీనతతో బాధపడే గర్భిణీ స్త్రీలను పరీక్షించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టునుండి తీసిన మార్మైట్ అనే చౌక పదార్థముతో వారు కోలుకుంటారని 1931లో వ్రాసినది. అందులో పనిచేసినది ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. సుబ్బారావు గారి సోదరుడొకరు స్ప్రూ అనే వ్యాధితో చనిపోయారు. ఆ వ్యాధికి పనికివచ్చే మందే ఫోలిక్ ఆమ్లము.

కణము పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానిని పోలిన నకిలీని కణమునకు ఇస్తే, తాళమునకు సరిపోని తాళపుచెవి ఇరుక్కొన్నట్లు పెరుగుదల ఆగుతుంది. సుబ్బారావు గారి బృందము తయారుచేసిన ఇట్టి నకిలీలలో అమినోప్టెరిన్ ఒకటి. దానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరుతో ఉన్న పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలము గుణము కనిపించినదని 1948 జూనులో ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు గారు చనిపోయారు. అప్పటికి ఆయనకు 53 ఏండ్లు. నకిలీలలో రెండవది మెథోట్రెక్సేట్. అది స్త్రీల క్యాన్సరులో ఏమి చేయబోవుచున్నదో చూచుటకు ఆయన లేరు.

చూచినవాడు లీ మిన్ చియు అనే చైనా దేశపు వైద్యుడు. 1956లో వాషింగ్టను దగ్గర బెథెస్డాలోని జాతీయ క్యాన్సరు సంస్థలో, ఊపిరితిత్తులలో రక్తము కారుచున్న కొరియోకార్సినోమా రోగికి లీయును, రాయ్ హెర్ట్జ్ అనే సహచరుడును మెథోట్రెక్సేట్ ఇచ్చారు. కొన్ని వారములలో ఎక్స్‌రేలోని మచ్చలు మాయమైనవి. బయటినుండి చూచుటకు ఆమె ఆరోగ్యవంతురాలే. మందు ఆపవలెనని అందరి అభిప్రాయము. లీ మాత్రము మూత్రములో హెచ్.సి.జి. ఇంకా కొద్దిగా ఉన్నదని, అది పూర్తిగా పోయేవరకు మందు ఇవ్వవలెనని పట్టుబట్టాడు. ఇట్లు ఒకరి తరువాత ఒకరికి, కణితి కనబడకపోయినను, కేవలము ఒక అంకె కొరకు విషము వంటి మందును ఇస్తూ పోయాడు. మనుష్యులమీద ప్రయోగములు చేయుచున్నాడని సంస్థవారు 1957లో ఆయనను ఉద్యోగమునుండి తొలగించారు.

తరువాత లెక్కచూడగా, ఎక్స్‌రే శుభ్రపడగానే మందు ఆపినవారిలో వ్యాధి తిరిగి వచ్చినది. అంకె సున్నా అయ్యేవరకు మందు తీసికొన్నవారు బ్రతికారు. మందులతో మాత్రమే నయమైన మొదటి గట్టి కణితి ఇదే. 1972లో లీకిని, హెర్ట్జ్‌కును లాస్కర్ బహుమానము ఇచ్చారు. పైవారిని ఇక్కడ నిందించుట సులభమే గాని, ఆనాడు వారి ముందున్నది ఒక ఎలుకల పరీక్ష, ఒక విషపు మందు, ఆరోగ్యముగా కనిపించే ఒక స్త్రీ. మేమైతే ఏమనేవారమో! అయినను లీ చేసిన పని మరువరానిది. అంకె తగ్గుటనుబట్టి వైద్యము నడుపుట అనే పద్ధతికి ఆయనే ఆద్యుడు.

ఆ అంకెను ఎలుకలతో కాక సన్నగా కొలుచుటకు రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ దారి చూపారు. రక్తములోని ఇన్సులిను వంటి అతి స్వల్ప పదార్థములను రేడియోధార్మిక గుర్తుతో కొలిచే పద్ధతిని 1959–60లో వారు ప్రకటించారు. బెర్సన్ 1972లో పోయినందున 1977లో నోబెల్ బహుమానము యాలోకే వచ్చినది. హెచ్.సి.జి.కి మరొక చిక్కున్నది. ప్రతి స్త్రీలోను ఉండే మరొక హార్మోను దానికి కవలవలె ఉంటుంది. రెంటిలోను తేడాగల ముక్కను మాత్రమే పట్టుకొనే పరీక్షను 1972లో జుడిత్ వైటుకైటిస్, ఆమె సహచరులు తయారుచేశారు. చీటీలలో "బీటా హెచ్.సి.జి." అని వ్రాసేది దీనినిబట్టే. ఇంటిలో చేసికొనే గర్భపరీక్ష పట్టీ కూడ దీని సంతతియే.

ఈనాడు ముత్యాల గర్భము తీసివేసిన ప్రతి స్త్రీయు, అంకె మామూలు స్థితికి వచ్చేవరకు వారమువారము, తరువాత కొన్ని నెలలు నెలకొకసారి పరీక్ష చేయించుకొనవలెను. వైద్యులు చెప్పేవరకు మరల గర్భము ధరించరాదు, ఏలయనగా కొత్త గర్భము ఆ అంకెను కలగాపులగము చేస్తుంది. ఈ మాట మన సోదరీమణులకు గట్టిగా చెప్పవలసియున్నది. "శుభ్రము చేశారు, అయిపోయినది" అని ఇంటికి పోయి ఆసుపత్రి ముఖము చూడనివారిలోనే ప్రమాదము. క్రమముగా చూపించుకొనేవారిలో, క్యాన్సరుగా మారినను తొలిదశలో దాదాపు అందరును బ్రతుకుచున్నారు. వారిలో చాలామంది తరువాత బిడ్డలను కన్నారు.

అంకె అబద్ధమాడదా? ఆడుతుంది. కొందరి రక్తములోని ఒక రకము ప్రతిరక్షకములు పరీక్షనే మోసగించి, లేని హెచ్.సి.జి.ని ఉన్నట్లు చూపిస్తాయి. ఇట్లు లేని క్యాన్సరుకు వైద్యము పొందిన 12 మంది స్త్రీల సంగతి 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చినది. దీనిని పట్టుటకు ఉపాయము మహా సులువు. ఆ ప్రతిరక్షకములు మూత్రములోకి రావు గనుక, మూత్రపరీక్ష చేస్తే నిజము బయటపడుతుంది. ఎలుకలనాటి సీసాయే మరల అక్కరకు వచ్చినది!

ఇప్పుడు మొదట చెప్పిన 35కు వస్తాము. 1975లో కోలర్, మిల్‌స్టయిన్ అనే శాస్త్రజ్ఞులు ఒకే గురిగల ప్రతిరక్షకములను కావలసినంత తయారుచేసే ఉపాయము కనుగొన్నారు. 1984లో నోబెల్ పొందారు. బోస్టనులో ఆ సిడ్నీ ఫార్బర్ పేరు పెట్టిన సంస్థలోనే రాబర్ట్ బాస్ట్, రాబర్ట్ న్యాప్ అనువారు అండాశయ క్యాన్సరు కణములను చుంచెలుకలకు ఎక్కించి, అట్టి ప్రతిరక్షకముల కొరకు వెదికారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుచు పోగా 125వది పనికివచ్చినది. సి.ఎ. 125 అనే పేరులోని 125కు ఇంతకు మించిన మర్మము లేదు. 1981లో ప్రతిరక్షకమును, 1983లో దానితో చేసిన రక్తపరీక్షను ప్రకటించారు. ఆరోగ్యవంతులు 888 మందిలో 35 దాటినవారు నూటికి ఒక్కరు. అండాశయ క్యాన్సరు రోగులు 101 మందిలో 83 మంది దాటారు. హద్దు అట్లు వచ్చినది.

నూటికి ఒక్కరే గదా అని తీసివేయరాదు. ఆ ఒక్కరు ఎంతమందిలోనో చూడవలెను. అండాశయ క్యాన్సరు అరుదైన వ్యాధి. లక్షమంది ఆరోగ్యవంతులకు పరీక్ష చేస్తే, వ్యాధి లేకుండ 35 దాటేవారు వెయ్యిమంది ఉంటారు. నిజముగా వ్యాధిగలవారు ఆ వెయ్యిమంది మధ్య ఎక్కడో కలిసిపోతారు. ఇంకొక ప్రక్క, తొలిదశ క్యాన్సరులో సుమారు సగము మందికి అంకె పెరగనే పెరగదు. నెలసరి సమయములో పెరగవచ్చును. గర్భము మొదటి నెలలలో, ఎండోమెట్రియోసిస్‌లో, కాలేయము చెడినప్పుడు పెరుగుతుంది.

మన దేశములో అన్నిటికంటె ముఖ్యమైనది కడుపు క్షయ. కడుపులో నీరు చేరి, బరువు తగ్గి, అంకె వందలలోకి పోయిన స్త్రీని చూచి అందరును అండాశయ క్యాన్సరే అనుకుంటారు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే క్షయ అని తేలినవారు ఎందరో. వారికి కావలసినది ఆరు నెలల క్షయ మందులు. పెద్ద ఆపరేషను కాదు. అందుచేత ముక్క పరీక్ష కాకముందు అంకెను చూచి నిర్ణయమునకు రావద్దని మా మనవి. ఇంగ్లండులో 1990లో ఇయాన్ జాకబ్స్ ప్రభృతులు స్కానింగు, ముట్లుడిగినదా లేదా అన్న సంగతి, సి.ఎ. 125 ఈ మూటిని కలిపి ఒక లెక్క కట్టారు. 2008 తరువాత హెచ్.ఇ.4 అనే మరొక జాడ తోడైనది. ఇది ఎండోమెట్రియోసిస్‌లో అంతగా పెరగదు గనుక కొంత మేలు.

లక్షణములు లేని స్త్రీలందరికిని సి.ఎ. 125 చేస్తే ముందుగా పట్టుకొని ప్రాణములు కాపాడవచ్చునని చాలాకాలము ఆశపడ్డారు. అమెరికాలో 78,216 మందిమీద జరిగిన పరిశోధన ఫలితము 2011లో వచ్చినది. మరణములు తగ్గలేదు. పైగా తప్పుడు హెచ్చరిక వచ్చిన 3,285 మందిలో 1,080 మందికి శస్త్రచికిత్స జరిగినది, వారిలో 163 మందికి తీవ్రమైన కీడు కలిగినది. బ్రిటనులో ఉషా మీనన్, ఇయాన్ జాకబ్స్ నడిపిన 2,02,638 మంది పరిశోధన మరింత జాగ్రత్తగలది. ఒక్క అంకెను కాక, ఏటేట అది పెరిగే తీరును చూచారు. వ్యాధి ముందుగా దొరికినదిగాని, మరణములు తగ్గలేదని 2021లో ప్రకటించారు. ఇరువది ఏండ్ల శ్రమకు అటువంటి జవాబు వచ్చినను దాచకుండా చెప్పుట గొప్ప సంగతి. "సంపూర్ణ ఆరోగ్య పరీక్ష" అని అమ్మే మూటలలో ఈ పరీక్షను కలిపి ఇచ్చుట మాకు సమ్మతము కాదు.

మరి ఇది ఎందుకు పనికివస్తుంది? వ్యాధి నిర్ధారణ అయి మందులు ఎక్కించుచున్నప్పుడు, మందు పనిచేయుచున్నదా లేదా అని చూచుటకు ఇది మంచి తోడు. వైద్యము ముగిసిన తరువాత మూడు నెలలకొకసారి చూచుట గూర్చి మాత్రము 2010లో ఒక చిక్కు ప్రశ్న లేచినది. అంకె పెరగగానే మందు మొదలుపెట్టినవారిని, బాధ కనిపించేవరకు ఆగినవారిని, మొత్తము 529 మందిని పోల్చిచూచారు. ముందు మొదలుపెట్టినవారు ఎక్కువకాలము బ్రతకలేదు. మందుల బాధ మాత్రము కొన్ని నెలలు ముందుగా అనుభవించారు. లీ నేర్పిన పాఠము మాయ క్యాన్సరుకు సరిపోయినది, అండాశయమునకు అట్లే సరిపోలేదు. కొందరు స్త్రీలు అంకె తెలియకపోతే నిద్రపట్టదంటారు. కొందరు తెలిస్తే నిద్రపట్టదంటారు. ఎవరి ఇష్టము వారిది. వైద్యునితో ముందే మాటాడుకొనవలెను.

చిన్న వయస్సు ఆడపిల్లలకు వచ్చే అండాశయ కణితులు వేరు. వాటిలో కొన్ని ఆల్ఫా ఫీటోప్రొటీన్ అనే పదార్థమును విడుస్తాయి. గర్భస్థ శిశువులో ఉండే ఈ పదార్థము క్యాన్సరులో తిరిగి కనిపిస్తుందని 1963లో మాస్కోలో అబెలెవ్ ఎలుకలలో చూపాడు. పదునైదేండ్ల పిల్లకు కడుపులో గడ్డ అంటే సి.ఎ. 125 ఒక్కటే చేసి ఊరుకొనక, ఇదియు, హెచ్.సి.జి.యు చేయించవలెను. ఈ కణితులు మందులకు బాగుగా లొంగుతాయి. రెండవ అండాశయమును, గర్భసంచిని నిలుపుకొనే అవకాశము కూడ చాలామందికి ఉన్నది.

ఇక మన ప్రాంతపు పేద స్త్రీలను ఎక్కువగా బాధించే గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు. దీనిని ముందుగా పట్టే రక్తపరీక్ష లేదు. గ్రీకు దేశీయుడు పాపనికొలా 1940లలో నేర్పిన స్రావపు గాజుపలక పరీక్ష ధనిక దేశములలో ఎందరినో కాపాడినది. అయితే దానికి చదివేవారు, మరల మరల పిలిచే ఏర్పాటు కావలెను. జర్మనీలో హరాల్డ్ జుర్ హౌజెన్ 1983లో ఈ క్యాన్సరులో పాపిల్లోమా వైరసు 16వ రకమును కనుగొన్నాడు. మరుసటి సంవత్సరము 18వ రకమును ప్రకటించాడు. ఆ 18వ రకము హెన్రియెటా లాక్స్ కణములలో కూడ ఉన్నది. ఆమెను చంపినది ఏమిటో ముప్పదిమూడేండ్ల తరువాత ఆమె కణములే చెప్పినవి. జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ వచ్చినది.

ఆ వైరసును వెదకే పరీక్ష పల్లెలలో పనికివస్తుందా అని చూచినది మన దేశములోనే. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లాలో, అనగా ఇప్పటి ధారాశివ్‌లో, 1999లో మొదలుపెట్టి 30–59 ఏండ్ల స్త్రీలు 1,31,746 మందిని నాలుగు గుంపులుగా పెట్టారు. సుమారు ఎనిమిదేండ్ల తరువాత, ఒక్కసారి వైరసు పరీక్ష జరిగిన 34,126 మందిలో ఈ క్యాన్సరుతో 34 మంది చనిపోయారు. ఏ పరీక్షయు లేని 31,488 మందిలో 64 మంది. పరీక్ష లేని గుంపును అట్లు ఉంచుట న్యాయమా అని తరువాత విమర్శలు వచ్చినవి, ఆ విమర్శలలో బలమున్నదనే మేము తలంచుచున్నాము. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 30 ఏండ్లు దాటిన స్త్రీలకు 5నుండి 10 సంవత్సరములకొకసారి ఈ వైరసు పరీక్ష చేయవలెనని సలహా ఇచ్చినది. దీనికి మగవైద్యుని యెదుట పడుకొనవలసిన పని లేదు. చిన్న బ్రష్షుతో స్త్రీ తానే, తలుపు వేసికొని, నమూనా తీసి ఇవ్వవచ్చును.